ఉభాలకు దిగేముందే మోకాళ్ల సంగతి చూసుకోండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఆకుమళ్లు (నారుమళ్లు) పోస్తున్నారంటే ఉభాలు, అంటే వరి నాట్లు, దగ్గరపడ్డట్టే. మీకు 45 దాటి, నడిచినా మెట్లెక్కినా మోకాలు నొప్పెడుతూ, పొద్దున లేవగానే పట్టేసినా అరగంటలోపే వదిలేస్తుంటే అది చాలామటుకు గుజ్జు అరుగుదలే. ఎక్స్‌రే తప్పనిసరి కాదు, ఊరి ఆరోగ్య కేంద్రంలో చేత్తో చూసే చెప్పగలరు. ఫిల్ములో కనిపించే అరుగుదలకీ మీ నొప్పికీ చాలాసార్లు పొంతన ఉండదు కూడా.

అలాగని మంచం పట్టుకుంటే తొడ కండ పలచబడి, భారమంతా కీలు మీదే పడుతుంది. ఆకు ఎదిగే ఆ మూడు నాలుగు వారాల్లోనే కండకి పని చెప్పండి. బల్ల మీద కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి, వేళ్లు మీవైపు లాగి, 5 వరకు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. తొడ మీద చెయ్యి వేస్తే కండ గట్టిగా తగలాలి. తర్వాత చేతి ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి. మొదట్లో కాస్త నొప్పి మామూలే. మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించండి, మానకండి. నాట్లయ్యాకా చేస్తూనే ఉండాలి.

మడిలో బురదతోనే అసలు చిక్కు. పాదం దిగబడి ఉండగా ఒళ్లు తిప్పితే మోకాలు మెలిపడుతుంది. ముందు కాలు పైకి లాగి, అప్పుడు తిరగండి. ఆకు తీసేటప్పుడు గొంతుకూర్చోకుండా పీట వేసుకోండి. గట్టు మీద కర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టాలి. నామోషీ అనిపిస్తే గట్టు జారుతోందని చెప్పండి, ఎలాగూ నిజమే.

మందుల్లో ముందు చూడాల్సింది డైక్లోఫినాక్ జెల్. సాయంత్రం కాళ్లు కడిగి తుడుచుకున్నాక రాయండి. జలగ కరిచిన చోట, గీరుకున్న చోట వద్దు. "సీజన్ గట్టెక్కాలి, ఓ సూదేసెయ్ బాబూ" అని వీధి చివరి డాక్టర్ని అడక్కండి. చెమటోడుస్తూ, నీళ్లు సరిగా తాగకుండా రోజూ నొప్పి మాత్రలు మింగితే దెబ్బ కిడ్నీ మీద పడుతుంది. ఉద్దానం పక్కనున్న మనకి ఆ బాధ వేరే చెప్పాలా! బీపీ, షుగర్, కడుపులో పుండు ఉంటే ముందే చెప్పి మాత్ర రాయించుకోండి. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగానే ఇస్తారు.

మోకాలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, జ్వరం తగిలినా, జారిపడ్డాక కాలు మోపలేకపోయినా అరుగుదలే కదా అని ఊరుకోవద్దు. నాటు సగంలో ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.