ఒరాకిల్ డేటాబేస్ క్వెరీలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మారాక నెమ్మదించకుండా చూసుకోవడం ఎలా?

డేటా అంతా ఎక్కించగానే, డేటా గురించిన గణాంకాలు సేకరించే అనలైజ్ కమాండ్ నడపండి. అది పూర్తయ్యేదాకా ఏ క్వెరీ వేగమూ కొలవొద్దు. క్వెరీని ఎలా నడపాలో చెప్పే ఒరాకిల్ హింట్లన్నీ తీసేయండి, పోస్ట్‌గ్రెస్‌కు అవి ఉత్త కామెంట్లే. నల్ (విలువ లేని) చోట వేరే విలువ ఇచ్చే ఎన్‌వీఎల్ బదులు కోలెస్, ఔటర్ జాయిన్ గుర్తు (+) బదులు లెఫ్ట్ జాయిన్ పెట్టండి. ఇందులో చాలావరకు ఓరా2పీజీ అనే మార్పిడి టూల్ చేసిపెడుతుంది. ఒరాకిల్ ఫంక్షన్ల పేర్లనే వాడుకోనిచ్చే ఒరాఫ్‌సీ జోలికి మాత్రం పోవద్దు. దాన్ని పెట్టుకుంటే పాత కోడ్ ఎప్పటికీ మారదు.

వరుసలకు నంబర్లిచ్చే రోనమ్ దగ్గర ఒక్క క్షణం ఆగండి, ఉదాహరణకు రోనమ్ <= 10 అనే షరతు. ఆర్డర్ బై దాని పక్కనే ఉంటే ఒరాకిల్ ముందు 10 వరుసలు తీసుకుని తర్వాత వాటిని పేరుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లోని లిమిట్ అయితే అన్నీ పేర్చాకే 10 తీస్తుంది. ఫలితమే మారిపోతుంది.

అసలు దెబ్బ తగిలేది టైపుల దగ్గర. ఒరాకిల్‌లో నంబర్ అని ఉన్న ఐడీ కాలమ్‌లు 18 అంకెల లోపు పూర్ణసంఖ్యలైతే బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణసంఖ్యల టైపు) చేయాల్సిందే. దశాంశాలూ పట్టే న్యూమరిక్ టైపుగా వదిలేస్తే పోలికలూ జాయిన్లూ బరువెక్కుతాయి. కానీ కాలమ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. జావా కోడ్ ఆ ఐడీని ఇంకా బిగ్‌డెసిమల్‌గా పంపుతుంటే, వచ్చే విలువ న్యూమరిక్. ఈ రెండింటినీ పోల్చడానికి పోస్ట్‌గ్రెస్ విలువను తగ్గించదు, కాలమ్‌నే న్యూమరిక్‌గా మారుస్తుంది. అంతే, ఆ కాలమ్ మీదున్న ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికిరాదు. ఒక్క ఆర్డర్ కోసం టేబుల్ మొత్తం తిరగేస్తుంది.

ఇది ఇట్టే దొరకదు. పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో ఐడీ 101 అని చేత్తో కొడితే అది పూర్ణసంఖ్యే కాబట్టి ఇండెక్స్ వాడుకుని వెంటనే జవాబిస్తుంది. అప్లికేషన్‌లో అదే క్వెరీ ఈడుస్తుంది. అందరూ నెట్‌వర్క్‌నూ సర్వర్ మెమరీనీ అనుమానిస్తూ రోజులు పోగొట్టుకుంటారు. పరీక్షించేటప్పుడు 101::న్యూమరిక్ అని రాసి, క్వెరీ నడిచే ప్లాన్ చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడపండి. ప్లాన్‌లో ఇండెక్స్ కండిషన్ ఉండాల్సిన చోట ఇలా కనిపిస్తే దొంగ దొరికినట్టే:

ఫిల్టర్: ((ఆర్డర్_ఐడీ)::న్యూమరిక్ = '101'::న్యూమరిక్)

మందు ఒక్కటే: కోడ్‌లో సెట్‌బిగ్‌డెసిమల్ తీసేసి సెట్‌లాంగ్ పెట్టండి. న్యూమరిక్‌గా మార్చిన రూపం మీద ఇంకో ఇండెక్స్ కట్టేవాళ్లున్నారు. దానివల్ల ప్రతి ఇన్సర్ట్‌కూ భారం పెరుగుతుంది, తప్పు అక్కడే ఉండిపోతుంది. జాయిన్ అయ్యే రెండు టేబుళ్లలోనూ ఐడీ ఒకే టైపులో ఉందో లేదో కూడా చూడండి.

తేదీలోంచి సమయాన్ని కోసేసే ట్రంక్‌లో చుట్టి పోల్చడం మానేయండి. ఆ రోజు మొదలుకు సమానం లేదా ఎక్కువ, మర్నాటికి తక్కువ అని రెండు షరతులు రాస్తే మామూలు ఇండెక్సే చాలు.

చివరగా ఖాళీ స్ట్రింగ్. ఒరాకిల్‌లో అది నల్, ఇక్కడ కాదు. ఈజ్ నల్ అని వెతికే క్వెరీలకు ఖాళీ స్ట్రింగ్ ఉన్న వరుసలు దొరకవు. డేటా ఎక్కించేటప్పుడే వాటిని నల్ చేయండి. కొత్తవి రాకుండా ఆ కాలమ్‌కు చెక్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టండి.