అక్షరాలకు ఎఫెక్ట్స్ వేసే ముందు

ముందు స్పెల్లింగ్ సరిచూసుకోండి. మెరుపులు, నీడలు అన్నీ అద్దాక ఒత్తు తప్పు పడిందని తెలిస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది.

తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే వెంటనే ఫాంట్ మార్చేయకండి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం తెరిచి, దక్షిణాసియా భాషలకు తగిన సెట్టింగ్ ఉందో లేదో చూడండి.

సైజు ముందే ఖాయం చేసుకోవాలి. ప్రింట్‌కైతే అసలు కొలతలో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ళు) పెట్టుకోండి. చిన్నగా చేసి, బొమ్మగా సేవ్ చేశాక పెంచితే అంచులు మసకబారతాయి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త స్ట్రోక్ (అక్షరం అంచు చుట్టూ వేసే గీత) దగ్గరే కావాలి. మన అక్షరాల్లో గుండ్రాలు, సందులు ఎక్కువ. స్ట్రోక్ మందం పెంచుతూ పోతే 'క్ష్మి'లో ఒత్తుల మధ్య ఖాళీ పూడిపోతుంది, సున్నా లోపలి రంధ్రం మూసుకుపోతుంది. జూమ్ తగ్గించి, ఫోన్‌లో కనిపించేంత సైజులో చదివి చూడండి. చదవలేకపోతే ఎంత అందమైన ఎఫెక్టయినా తీసేయడమే మంచిది.

నీడ, బెవెల్ (అక్షరం ఉబ్బెత్తుగా కనిపించేలా చేసే ఎఫెక్ట్) రెండూ వాడితే వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. గ్లోబల్ లైట్ టిక్ చేస్తే ఆ టెన్షన్ ఉండదు.

రాస్టరైజ్ చేయక (అంటే అక్షరాలను పిక్సెళ్ళ బొమ్మగా మార్చక) తప్పకపోతే ముందు టెక్స్ట్ లేయర్‌కి కాపీ తీసి దాచండి. రాస్టరైజ్ అయ్యాక అక్షరం మార్చలేరు.

వెనక బ్యాక్‌గ్రౌండ్ వద్దనుకుంటే పీఎన్‌జీలో సేవ్ చేయండి. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.