థండర్‌బర్డ్‌లో మీ సీక్రెట్ కీ, పాస్‌ఫ్రేజ్ జాగ్రత్త చేసుకోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం నా పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. మెయిల్స్ అన్నీ సర్వర్‌లో ఉన్నాయి కదా అని టెన్షన్ పడలేదు. కొత్త లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకుని చూస్తే, ఒక మిత్రుడితో రెండేళ్ల పాటు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసి, రాసుకున్న ఉత్తరాల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. వాటిని విప్పే సీక్రెట్ కీ, అంటే తాళంచెవిలా పనిచేసే చిన్న ఫైల్, ఆ పాత డిస్క్‌తో పాటే పోయింది. ఉత్తరాలు ఇప్పటికీ ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి. తేదీ కనిపిస్తుంది, అతని పేరు కనిపిస్తుంది, సబ్జెక్ట్ చోట మూడు చుక్కలు కనిపిస్తాయి. అంతే.

కీ దొంగల చేతిలో పడకుండా దాచుకోమని అందరూ చెబుతారు. అది మన చేయి దాటిపోకుండా చూసుకోవడం ఇంకా పెద్ద పని అని నాకు ఆ రోజు తెలిసొచ్చింది.

ముందు కీ తయారు చేసుకోండి. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి థండర్‌బర్డ్‌లోనే ఉంది, వేరే యాడ్-ఆన్ అక్కర్లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్’ పేజీకి వెళ్లి ‘యాడ్ కీ’ నొక్కితే చాలు. పబ్లిక్ కీ, సీక్రెట్ కీ జంటగా తయారవుతాయి. మీకు రాసేవాళ్లు మొదటిదానితో ఉత్తరానికి తాళం వేస్తారు, మీరు రెండోదానితో తీస్తారు. మొదటిది ఎవరికైనా ఇవ్వొచ్చు, రెండోది ఎవరికీ ఇవ్వకూడదు. గడువు 3 ఏళ్లని అదే చూపిస్తుంది, అలాగే ఉంచండి.

తర్వాత ప్రైమరీ పాస్‌వర్డ్, అంటే థండర్‌బర్డ్ దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నిటికీ కాపలా కాసే పాస్‌వర్డ్. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మీరేమీ మార్చకపోతే థండర్‌బర్డ్ కీకి తానే ఒక పాస్‌వర్డ్ తయారుచేసి, దాన్ని మీ ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే (మీ మెయిల్స్, సెట్టింగ్స్ ఉండే చోట) పెట్టుకుంటుంది. ప్రైమరీ పాస్‌వర్డ్ లేకపోతే ఆ ఫోల్డర్ కాపీ చేసుకున్నవాళ్లకి మీ కీ కూడా దక్కినట్టే. తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’కి వెళ్లి ‘యూజ్ ఎ ప్రైమరీ పాస్‌వర్డ్’కి టిక్ పెట్టండి. ఇది మర్చిపోతే తిరిగి తెలుసుకునే దారి లేదు.

ప్రైమరీ పాస్‌వర్డ్‌గా ఏం పెట్టాలి? ఒక్క మాట కాదు, కొన్ని మాటల వరస, దాన్నే పాస్‌ఫ్రేజ్ అంటారు. పిల్లల పేర్లు, పుట్టిన రోజులు వద్దు. అందరికీ నోటికొచ్చిన పద్యపాదం, పాట పల్లవి అసలే వద్దు, ఊహించేవాళ్లు ముందు అవే ప్రయత్నిస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు మాటలు కావాలి, వాటిని మనసు కాకుండా పాచిక ఎంచాలి. దీనికోసం 7,776 ఇంగ్లీష్ మాటల జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. లూడో డబ్బాలోని పాచికని ఐదుసార్లు వేస్తే ఐదంకెల సంఖ్య వస్తుంది, జాబితాలో దాని పక్కనున్నదే మీ మాట. ఇలా ఆరు మాటలకి ముప్ఫైసార్లు వేయాలి. వచ్చిన మాట నచ్చలేదని మళ్లీ వేయకండి.

తెలుగు మాటలే పెట్టుకుంటానంటారా? ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టేటప్పుడు ‘తోట’కి టీ పక్కన హెచ్ ఉందా, ‘పాలు’లో ఏ ఒకటా రెండా అన్నది ఆరు నెలల తర్వాత గుర్తుండదు. తెలుగు లిపిలో పెడితే, ఆ కీబోర్డ్ లేని కంప్యూటర్ దగ్గర ఇరుక్కుపోతారు. ఈ ఒక్క చోట ఇంగ్లీష్ జాబితానే మేలని నా అభిప్రాయం. కాగితం మీద రాసుకోవడం తప్పేమీ కాదు. ఇంటి దస్తావేజులు దాచే చోటే దాన్నీ పెట్టండి, లాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు.

ఇక బ్యాకప్. కీ చేసిన రోజే ఇదీ చేయండి, రేపటికి వాయిదా వేయకండి. టూల్స్ మెనూలో ‘ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్’ తెరిచి, మీ కీని ఎంచుకుని, ఫైల్ మెనూలో సీక్రెట్ కీ బ్యాకప్ చేసే వరస నొక్కండి. ఫైల్‌కి ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. దానికీ ఆరు మాటల పద్ధతే, కాకపోతే మాటలు వేరే ఉండాలి. ఆ ఫైల్‌ని రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి, ఒకటి ఇంట్లో, ఒకటి అమ్మానాన్నల దగ్గరో అక్క దగ్గరో ఉంచండి. మీకు మీరే మెయిల్ చేసుకోవద్దు.

బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూశాకే నమ్మండి. మీదైన ఇంకో కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ పెట్టి, కీ మేనేజర్ ఫైల్ మెనూ నుంచి సీక్రెట్ కీని ఇంపోర్ట్ చేయండి. తర్వాత అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ కీని ఎంచుకోవడం మర్చిపోకండి, చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘పనిచేయట్లేదు’ అనుకుంటారు. ఒక పాత మెయిల్ తెరిచి చూడండి.

మీకు రాసేవాళ్ల పబ్లిక్ కీని ఒప్పుకునే ముందు దాని ఫింగర్‌ప్రింట్, అంటే ఆ కీని గుర్తుపట్టే సంకేతం, సరిచూడాలి. సాధారణంగా 40 అక్షరాలుంటుంది, నాలుగేసి చొప్పున పది గుంపులు. ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఒక్కో గుంపూ చదివించుకోండి. మెయిల్‌లో పంపిన ఫింగర్‌ప్రింట్‌తో సరిచూస్తే లాభం లేదు.

గడువు దగ్గరపడితే కీ మేనేజర్‌లోనే పొడిగించి, పబ్లిక్ కీని మళ్లీ అందరికీ పంపండి. లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకెళ్తే, పెన్‌డ్రైవ్ నుంచి కీ తెచ్చుకుని, అక్కడే ‘రివోక్’ చేసి, రద్దయిన ఆ పబ్లిక్ కీని మీతో ఉత్తరాలు నడిపే అందరికీ పంపండి. కొత్త కీ చేసుకున్నాక పాతదాన్ని డిలీట్ చేయకండి. దానితో వచ్చిన ఉత్తరాలు దానితోనే తెరుచుకుంటాయి.