రాత్రి పదికి మైకు ఆగాలి: ఆరాధన కమిటీలకు కొన్ని జాగ్రత్తలు

త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి, పుష్య బహుళ పంచమి, దగ్గర పడుతోంది. బెజవాడలో వీధి పందిట్లోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో త్యాగరాజ ఆరాధన చేసే చిన్న కమిటీల కోసం ఇది రాస్తున్నాను. పాడేవాళ్లకు కాదు, వెనకాల కుర్చీలు మోసేవాళ్లకు, చీటీలు రాసేవాళ్లకు.

ముందు గడియారం సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు మోగకూడదు. తలుపులు మూసిన హాలుకు మినహాయింపు ఉంది, పందిరికి లేదు. పగలైనా మైకుకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆస్పత్రి, బడి, కోర్టు ఉంటే చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కిందికి రావచ్చు. సూర్యారావుపేటలో అడుగుకో ఆస్పత్రి కదా! అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ వీధంతా ఒకసారి నడిచి చూసుకోండి.

పొద్దున అందరూ కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కీర్తనలు అరగంట ఆలస్యంగా మొదలవుతాయి. పిల్లల పాటలు ఇంకో అరగంట సాగుతాయి. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఈ బాకీలన్నీ తీర్చేది ఆఖర్న పాడే విద్వాంసులే. ఒక ఏడాది మేం రెండు గంటల కచేరీకి పిలిచిన ఆవిడకు నలభై నిమిషాలు మిగిలాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆలాపన ఎత్తుకుని, గడియారం వైపు చూసి, దించేసి, రెండు కీర్తనలు పాడి మంగళం అందుకున్నారు. ఆ సాయంత్రం శాలువాలు కప్పడానికే యాభై నిమిషాలు పట్టిందని తర్వాత లెక్క తేలింది. అప్పట్నుంచి మా దగ్గర సన్మానాలు మధ్యాహ్నమే. "ఆ టైములో జనం ఉండరండీ" అని దాతలు గొణుగుతారు. నిజమే, ఉండరు.

పిల్లల జాబితా రాసేటప్పుడు పేరు, కృతి, రాగం, తాళం, నిమిషాలతో పాటు శ్రుతి (ఏ స్థాయిలో పాడతారో చెప్పే అంకె) ఎంతో తప్పకుండా అడగండి. ఈ ఒక్క గడి మాకు ఆదా చేసినంత టైము ఇంకేదీ చేయలేదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడితే ఆడపిల్లలు ఐదు, ఐదున్నర అంటారు. రెండింటికీ ఒకే మృదంగం సరిపోదు. పేర్లు వచ్చిన వరసలో పిలిచారనుకోండి, ప్రతి పాటకీ వయొలిన్ ఆవిడ తీగలు సవరించుకోవాలి, మృదంగం ఆయన వాద్యం మార్చుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు వేసుకున్నా ఇరవై మందికి గంట పోతుంది. ఒకే శ్రుతి వాళ్లను ఒక గుంపుగా కూర్చండి. "మావాడిది ముందన్నారుగా?" అనే తల్లిదండ్రులకు జాబితా రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పంపేయండి. గొడవ ఏదైనా ఉంటే అక్కడే తేలిపోతుంది.

మృదంగం ఎడమవైపు మూతకు బొంబాయి రవ్వ ముద్ద పెడతారు. గుప్పెడు రవ్వ, గిన్నెడు నీళ్లు, పాత తువాలు వేదిక పక్కన ఉంచండి. కచేరీ వేళకు రవ్వ కోసం కిరాణా కొట్టుకు పరిగెత్తిన వాలంటీర్‌ని నేనే. చీకటి పడ్డాక మంచు దిగితే చర్మానికి శ్రుతి నిలవదు కాబట్టి పందిరికి పైకప్పుతో పాటు పక్క పరదాలు కూడా కట్టించండి. జనరేటర్‌ని వేదిక వెనక పెట్టనివ్వకండి. కేబుల్ పొడుగు చాలదని షామియానా వాళ్లు అంటారు. వినొద్దు, కేబుల్ అద్దెకు తెప్పించండి.

చెన్నై నుంచి పక్కవాద్యాల వాళ్లను పిలిస్తే టికెట్ల సంగతి ఇవాళే చూడండి. పంచమి సంక్రాంతికి కాస్త అటో ఇటో పడుతుంది, రైళ్లు కిటకిటలాడుతుంటాయి. రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది. వచ్చే టికెట్‌తో పాటు వెళ్లే టికెట్ కూడా అప్పుడే తీసేయండి.

లైవ్ ఇస్తుంటే మధ్య ఖాళీల్లో క్యాసెట్ పాటలు వేయకండి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కృతులకు రాయల్టీ లేదు. కానీ రికార్డింగ్‌కు హక్కుదారు ఉంటాడు, యూట్యూబ్ వాళ్లు పట్టేస్తారు.

డబ్బు విషయం పొట్టిగా చెప్తాను. రసీదు లేకుండా వంద రూపాయలు కూడా తీసుకోవద్దు, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలుండాలి. సంభావన కవర్ల మీద పేర్లు ముందురోజే రాసి, తాంబూలంతో కలిపి ఒకే మనిషికి అప్పగించండి. ఆ మనిషికి వేరే పని చెప్పకండి, ఫొటోలకు పిలవకండి. మంగళం అవగానే కవర్లు ఇచ్చి, విద్వాంసులను భోజనానికి కూర్చోబెట్టి, స్టేషన్‌కు కారెక్కించే దాకా ఆయన అక్కడే ఉండాలి.