దాక్కున్న బ్లాక్‌హోల్‌ను నల్లగొండలో కూర్చునే పట్టొచ్చు

నల్లగొండలోనో పాలమూరులోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ, ఎక్స్‌రే ఖగోళశాస్త్రంలో ప్రాజెక్టు చేయాలంటే హైదరాబాద్ పోవాలేమో అని టెన్షన్ పడేవాళ్ల కోసం రాస్తున్నా. పోనక్కర్లేదు. ఎక్స్‌రేలు వాతావరణం దాటి కిందికి రావు కాబట్టి టెలిస్కోపులన్నీ పైనే ఉంటాయి, వాటి పాత డేటా నాసా వాళ్ల హీసార్క్ ఆర్కైవ్‌లో ఎవరికైనా ఉచితం. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, ఆ డేటాను విశ్లేషించే హీసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్, కాలిబ్రేషన్ ఫైళ్లు దించుకోండి. సైజు పెద్దదే, రాత్రి పెట్టి పడుకోండి.

మొదట సర్సినస్ గెలాక్సీ తీసుకోండి. దూరం సుమారు 1.4 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని నడుమ ఉన్న బ్లాక్‌హోల్‌ను గ్యాసు, ధూళి ఎంత మందంగా కప్పేశాయంటే, 10 కిలోఎలక్ట్రాన్ వోల్టుల లోపు నేరుగా రావాల్సిన ఎక్స్‌రేలు దాదాపు అన్నీ దారిలోనే ఆగిపోతాయి. చూపు దారిలో చదరపు సెంటీమీటరుకు 1.5×10²⁴ హైడ్రోజన్ పరమాణువులు దాటితే కాంప్టన్-థిక్ అంటారు, ఇది ఆ కోవలోదే. అందుకే ఆ 10 లోపే చూసే చంద్రా టెలిస్కోపు డేటా ఒక్కటే చూసి బలహీనమైన బ్లాక్‌హోల్ అని రాసేయొద్దు. 2012లో ఎగిరిన నూస్టార్ టెలిస్కోపు 3 నుంచి 79 కిలోఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది, అది తప్పకుండా కలపాలి.

హీసాఫ్ట్‌లోని నూపైప్‌లైన్, నూప్రొడక్ట్స్ అనే ప్రోగ్రాములు నడిపి స్పెక్ట్రమ్ తీశాక రెండు గుర్తులు వెతకండి. ఒకటి 6.4 కిలోఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము గీత. చల్లటి గ్యాసులోని ఇనుము మీద ఎక్స్‌రేలు పడితే అది వస్తుంది, నేరు కాంతి ఆగిపోయినచోట మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది 20-30 కిలోఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉబ్బు, మందమైన గ్యాసు మీద పడి చెదిరి వచ్చే ఎక్స్‌రేలది. ఈ రెండూ కలిసి ఉంటే దాక్కున్న బ్లాక్‌హోల్ ఉందని గట్టిగా అనుమానించండి.

అసలు చిక్కు ఇక్కడుంది, దీని మీదే ఎక్కువ టైం పెట్టండి. నూస్టార్ బొమ్మ మసకగా ఉంటుంది, కేంద్రానికి దగ్గర్లోని సోర్సులు అందులో కలిసిపోతాయి. సర్సినస్‌లో కేంద్రం పక్కనే సీజీఎక్స్1 అనే అల్ట్రాలూమినస్ (ఎక్స్‌రేల్లో అసాధారణంగా వెలిగే) సోర్సు, సీజీఎక్స్2 అనే సూపర్‌నోవా శేషం ఉన్నాయి. రెండోదానికి సొంతంగా ఇనుము గీత కూడా ఉంది, కాబట్టి పట్టించుకోకపోతే మీ గీత బలమే తప్పొస్తుంది! అర ఆర్క్‌సెకండు తేడా కూడా పట్టే చంద్రా బొమ్మను డీఎస్9 అనే బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆ రెండు సోర్సుల స్పెక్ట్రాలు విడిగా తీసి, స్పెక్ట్రాలకు మోడల్ సరిపెట్టే ఎక్స్‌స్పెక్‌లో ఫిట్ చేసి, ఆ విలువలను నూస్టార్ మోడల్‌లో మారకుండా ఫ్రీజ్ చేయండి. కేంద్రానికి మైటోరస్ మంచిది, బ్లాక్‌హోల్ చుట్టూ ఉన్న గ్యాసు, ధూళి వలయంలో ఎక్స్‌రేలు చెదరడాన్ని లెక్కగట్టే మోడల్ అది. మామూలు పవర్‌లాకు శోషణ ఒక్కటే తగిలిస్తే చెదిరి వచ్చే కాంతి లెక్కలోకి రాదు. కౌంట్లు (పట్టుకున్న ఫోటాన్లు) తక్కువైతే ఫిట్ ఎంత బాగుందో కొలవడానికి కై-స్క్వేర్ వదిలి సీ-స్టాట్ వాడండి.

అల్ట్రాలూమినస్ సోర్సుల సంగతి వేరు. సెకనుకు 10³⁹ ఎర్గులు దాటినంత మాత్రాన బ్లాక్‌హోల్ అనుకోవద్దు. ఎం82 ఎక్స్-2 నుంచి 1.37 సెకన్లకో పల్సు వస్తోందని, అంటే అది న్యూట్రాన్ తార అని 2014లో తేలింది. కాబట్టి స్పెక్ట్రమ్‌తో ఆగకుండా, హీసాఫ్ట్‌లోని బారీకార్ ప్రోగ్రాముతో టైమింగ్ సరిచేసుకుని పల్సుల కోసం కూడా వెతకండి.