హైజంప్ షీట్ రాసే కుర్చీలో కూర్చునేవాళ్లకు

మల్కాజిగిరిలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. ఏటా స్పోర్ట్స్ మీట్ ముందురోజు మా పీఈటీ సార్ వచ్చి, "మేడమ్, లెక్కలు మీవే కదా, హైజంప్ షీట్ మీరే పట్టండి" అంటారు. బార్ సర్దడం, పిల్లల్ని అదిలించడం ఆయన పని. నాకు ఒక కుర్చీ, ఒక అట్ట, ఒక పెన్ను. కొత్తగా ఈ కుర్చీలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎడమవైపు పేర్లు, పైన ఎత్తులు. దాటితే సున్నా, బార్ పడితే ఇంటూ, ఆ ఎత్తు వద్దంటే గీత. వరసగా మూడు ఇంటూలు పడితే పిల్లాడు ఔట్. 'వరసగా' అన్నది మరిచిపోవద్దు. 1.40 మీటర్ల దగ్గర ఒక ఇంటూ తెచ్చుకుని, మిగతా ఛాన్సులు 1.45కు దాచుకుంటానంటే సరే అనాలి. కానీ అక్కడ వాడికి రెండే మిగులుతాయి. ఒంటికాలి మీదే ఎగరాలి. బార్ తగిలి ఊగినా పడకుండా నిలబడితే సున్నానే. చుట్టూ ఉన్న పిల్లలు "తగిలింది టీచర్" అని ఎంత అరిచినా సున్నానే.

ఎత్తు మార్చిన ప్రతిసారీ స్టీల్ టేపుతో బార్ నడిమధ్యన, నేల నుంచి పైఅంచు దాకా కొలవండి. స్టాండ్ మీది గీతల్ని నమ్మొద్దు. నాలుగు మీటర్ల బార్ మధ్యలో కొంచెం కుంగుతుంది.

మీది ఇసుక పిట్ అయితే వీపు మీద పడే ఫ్లాప్ ఒప్పుకోవద్దు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా ఫాస్బరీ దాంతో 2.24 దాటాడంటే, కింద మెత్తటి పరుపు ఉంది. ఇసుకలో కాళ్ల మీద దిగే సిజర్స్ చాలు.

ఇక అసలు తలనొప్పి, టై. నేను బోల్తా పడింది ఇక్కడే. ఆ ఏడు ఇద్దరు పిల్లలు 1.45 దాటి 1.50 దగ్గర ఆగిపోయారు. నీలం నిక్కరు వాడు 1.35 రెండో ఛాన్సులో, 1.40 మూడో ఛాన్సులో కిందామీదా పడి దాటాడు. 1.45 మాత్రం మొదటి ఛాన్సులోనే లేచిపోయాడు. తెల్ల నిక్కరు వాడికి 1.45 దగ్గర ఒక్క ఇంటూ, అంతే. నేను మొత్తం ఇంటూలు కూడాను. వీడికి మూడు, వాడికి ఒకటి. తెల్ల నిక్కరుకు ఫస్ట్ ఇచ్చేశాను. నీలం వాడు నా అట్ట మీదికి వంగి, "టీచర్, లాస్ట్ హైట్ నేను ఫస్ట్ ఛాన్సులనే ఎగిరిన గదా" అన్నాడు. కూడిక సరిగ్గానే ఉందని వాణ్ణి పంపేశాను. కూడిక సరిగ్గానే ఉంది. రూలే తప్పు.

ముందు చూడాల్సింది ఇద్దరూ ఆఖరున దాటిన ఎత్తు దగ్గర ఎవరికి తక్కువ ఇంటూలు అని. అక్కడ తేడా ఉంటే వెనక్కి చూడనే అక్కర్లేదు, కాబట్టి ఫస్ట్ నీలం నిక్కరుదే. అక్కడా సమానమైతేనే మొదటి నుంచీ ఆ ఎత్తు వరకు మొత్తం కూడాలి. దాని తర్వాత ఆగిపోయిన ఎత్తులో పడ్డ ఇంటూలు లెక్కలోకి రావు. ఒక ఇంటూ తర్వాత కాలు పట్టేసి తప్పుకున్నవాడికి, మూడూ ఎగిరినవాడి కంటే లాభం రాకూడదు కదా.

ఆ రాత్రి నిద్ర పట్టక 1948 లండన్ ఒలింపిక్స్ హైజంప్ ఫలితాలు తీశాను. ఆస్ట్రేలియా జాన్ వింటర్ 1.98తో గెలిచాడు, అక్కడ పేచీ లేదు. వింటర్ కింద నార్వే పాల్సన్, అమెరికా స్టానిచ్, ఎడిల్‌మన్, ఫ్రాన్స్ దామిసియో. నలుగురిదీ 1.95. పాల్సన్‌కు వెండి, స్టానిచ్‌కు కంచు, మిగతా ఇద్దరికీ ఏమీ లేదు. తేల్చింది ఇంటూలే. అంతకుముందు 1936 బెర్లిన్‌లో 2.00 దాటి ముగ్గురు ఆగిపోతే మళ్లీ ఎగిరించి స్థానాలు ఇచ్చారు. ఎడిల్‌మన్ పేరు దగ్గర నాకు నీలం నిక్కరు వాడే గుర్తొచ్చాడు. కాకపోతే ఎడిల్‌మన్‌ను ఓడించింది రూలు, వీణ్ణి ఓడించింది నేను. సోమవారం ప్రేయర్‌లో చెప్పి సర్టిఫికెట్ మార్పించాను.

రెండు లెక్కల్లోనూ సమానమైతే రెండో, మూడో స్థానం పంచేయండి. మొదటి స్థానానికైతే జంప్-ఆఫ్. ఆఖరున దాటినదాని పై ఎత్తులో తలా ఒక్క ఛాన్సు. ఇద్దరూ పడేస్తే రెండు సెంటీమీటర్లు దించాలి, ఇద్దరూ దాటితే రెండు పెంచాలి. వద్దనుకుంటే పంచుకోవచ్చు, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో 2.37 దగ్గర ఖతార్ బర్షిమ్, ఇటలీ తంబేరి బంగారం పంచుకున్నట్టు. మా స్కూల్లో కప్పు ఒక్కటే కొంటారు కనక మేం ఎగిరిస్తాం.

ఫలితం మైకులో చెప్పేముందు టై పడ్డ పిల్లల్ని పిలిచి షీట్ చూపించండి. ఎండలో ఆ రెండు నిమిషాలు పీఈటీ సార్‌కు చిరాకే, ఫర్వాలేదు.