షెడ్డులో నిలిచిపోయిన పాత చిన్న ట్రాక్టర్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

భీమిలి, ఆనందపురం, సబ్బవరం వైపు తోటల్లో షెడ్డు మూలనో, చింతచెట్టు కిందో ఒక పాత చిన్న ట్రాక్టర్ తరచూ కనిపిస్తుంది. మా ఇంట్లోది మిత్సుబిషి శక్తి ఎం.టి. 180డి. 3 సిలిండర్ల డీజిల్ ఇంజను, 18.5 హార్స్‌పవర్. కొబ్బరి, జీడిమామిడి వరసల మధ్య దున్నడానికి చక్కగా సరిపోతుంది. ఇలాంటి బండిని బాగు చేద్దామని కూర్చోగానే చూడవచ్చిన ప్రతివాళ్లూ "ఇంజను దింపేయండి, బోరింగ్ (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలవడం) చేయించండి" అంటారు. నన్నడిగితే తొందరపడొద్దు. వాడి వాడి అరిగిన బండి వేరు, వాడక పాడైన బండి వేరు. విశాఖలో ఏళ్ల తరబడి నిలబడిన బండికి మొదటి శత్రువు ఉప్పుగాలి, రెండోది డీజిల్ ట్యాంకులో నీళ్లు. వీటి సంగతి చూశాక కూడా రోగం తగ్గకపోతే అప్పుడు ఇంజను విప్పొచ్చు.

సెల్ఫ్ కొడితే "టక్" మని ఆగిపోతోంది

మళ్లీ మళ్లీ కీ తిప్పకండి. ముందు ఇంజను చేత్తో తిరుగుతుందో లేదో చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకి రింగు స్పానర్ వేసి మెల్లగా తిప్పండి. సైలెన్సర్ నోరు ఆకాశం వైపు ఉండి, దాని మీద మూత లేకపోతే వాన నీళ్లు సిలిండర్‌లోకి దిగి ఉండొచ్చు. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని అనుమానం ఉంటే నాజిళ్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) విప్పేశాకే తిప్పండి.

అసలు కదలకపోతే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కి పట్టేసినట్టు. ఒక్కో నాజిల్ రంధ్రంలో డీజిల్, పల్చటి ఆయిల్ సగం సగం కలిపి కొద్దిగా పోసి కొన్ని రోజులు నాననివ్వండి. రోజుకోసారి స్పానర్‌తో అటూ ఇటూ కొంచెం కదపాలి, అంతే. ఇంకో ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగిద్దామనే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. కదిలాక, సెల్ఫ్ కొట్టే ముందు లోపల మిగిలిన ద్రవమంతా బయటికి వచ్చేలా నాజిళ్లు లేకుండానే తిప్పాలి.

ఇంజను చేత్తో తిరుగుతోందంటే తప్పు కరెంటుది. బ్యాటరీ నిండుగా ఉంటే మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుండగా 10 కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయింది. బ్యాటరీ బాగుండి కూడా టక్‌మంటుంటే మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి ఇంట్లోవాళ్లని కీ తిప్పమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ చెడింది. మన ఊళ్లో ఇదే ఎక్కువ. పైకి వైరు బాగానే ఉంటుంది, తొడుగు కోసి చూస్తే లోపలి రాగి పచ్చగా పొడి రాలుతుంది. ఆ వైరు మార్చేయండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి ఇనుము మెరిసేలా చేయాలి. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వంటసోడా నీళ్లతో కడిగి, బిగించాక పైన వాసెలిన్ రాస్తే చాలు.

ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు

సైలెన్సర్ వైపు చూడండి. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది కానీ మండడం లేదు.

పొగ లేనప్పుడు ట్యాంకు అడుగు బోల్టు విప్పి కొంత డీజిల్ గాజు సీసాలో పట్టండి. కదపకుండా పక్కన పెడితే కాసేపటికి నీళ్లు అడుక్కి చేరతాయి. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు పొర కనిపిస్తే అది ఆ రెండూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మన తేమ గాలి రాత్రిపూట చల్లబడి లోపలి గోడలకి నీటి చుక్కలై పడుతుంది. ఏళ్లు గడిస్తే అడుగున నీటి మడుగే. ట్యాంకు దింపి డీజిల్‌తోనే కడగండి, ఫిల్టర్ కొత్తది వేయండి. పాత రబ్బరు పైపులు చూడటానికి కారకపోయినా పగుళ్ల లోంచి గాలి పీలుస్తాయి. వాటిని మొహమాటపడకుండా మార్చేయాలి.

తర్వాత ఎయిర్ తీయడం, అంటే డీజిల్ దారిలో చిక్కిన గాలిని బయటికి పంపడం. ఇది ఒక్కరి పని కాదు. మా ఇంట్లో నాన్న సీటు మీద, తమ్ముడు స్పానర్‌తో, మా అమ్మాయి టార్చి పట్టుకుని. ట్యాంకు నింపి కాక్ తెరిచి, ముందు ఫిల్టర్ మీది బోల్టు వదులు చేయండి. నురగ, బుడగలు, తర్వాత ఆగి ఆగి డీజిల్. "నాన్నా, ఇంకా బుడగలొస్తున్నాయి!" అని అమ్మాయి అరుస్తున్నంతసేపూ బిగించకూడదు. ధార నున్నగా వచ్చాకే బిగించి పంపు మీది బోల్టుకి వెళ్లాలి. చివరగా నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే, డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. ఇక్కడ వేలు అడ్డం పెట్టొద్దు. నాజిల్ ఒత్తిడి వంద బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. టార్చి పట్టిన పిల్లల్ని ఈ దశలో దూరంగా నిలబెట్టండి. సెల్ఫ్ పది సెకన్లకి మించి ఒక్క బిగిన కొట్టకుండా మధ్యలో చల్లారనివ్వాలి.

బోల్టుల కింది రాగి వాషర్లు పాతవైతే గట్టిపడి కారతాయి. కొత్తవి దొరికేదాకా ఆగలేకపోతే గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, మెత్తబడతాయి. అయితే పొయ్యి గలవారిని ముందే అడగాలి.

తెల్లపొగ వచ్చి అందుకోకపోతే హీటర్ ప్లగ్గుల (స్టార్టింగ్ కోసం ఇంజను లోపల వేడి చేసేవి) వైరు, తర్వాత ఒక్కో ప్లగ్గు చూడండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ప్రమాదం, వేడి ప్లగ్గు దగ్గర అది పేలుతుంది.

స్టార్టయింది, రేజ్ (ఇంజను వేగం) పెరిగిపోతోంది, స్టాప్ నాబ్ లాగినా ఆగదు

కారణం డీజిల్ పంపులోని ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో సర్దే కడ్డీ) ఎండిన డీజిల్ జిగురుకి పట్టేయడం. మూసుకున్న చోట పట్టేస్తే బండి స్టార్టే కాదు, తెరుచుకున్న చోట పట్టేస్తే ఆగదు. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసే ముందే పంపు మీది స్టాప్ లివర్‌ని చేత్తో కదపండి, స్ప్రింగు లాగినట్టు తనంతట తాను వెనక్కి రావాలి. ఎయిర్ క్లీనర్ పైపు విప్పి, ఒక మనిషిని చెక్కపలకతో అక్కడ నిలబెట్టండి. రేజ్ పెరిగితే గాలి నోటికి పలక అదిమి మూసేస్తే ఇంజను ఆగుతుంది. అరచెయ్యి మాత్రం పెట్టొద్దు. పంపు ఇంట్లో విప్పొద్దు. గాజువాక ఆటోనగర్ వైపు పంపు, నాజిల్ పని చేసే షాపుకి తీసుకెళ్లండి. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

నడుస్తోంది, కానీ పొగ

నల్లపొగైతే ముందు ఎయిర్ క్లీనర్, తర్వాత నాజిళ్లు. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది. చాలాకాలం నిలిచిన బండి మొదట్లో కొంత నీలంగా వదలడం మామూలే, కొన్ని గంటలు పని చేయించాకే తీర్పు చెప్పండి. తెల్లపొగ తగ్గకుండా రేడియేటర్‌లో బుడగలు కూడా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను హెడ్ కింది సీలు) పోయినట్టు.

క్లచ్ తొక్కినా గేరు పడదు

క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అంటుకుంది. పెడల్ పూర్తిగా నొక్కి చెక్కముక్కతో అలాగే బిగించి కొన్ని రోజులు ఉంచండి. ఇంజను ఆపి టాప్ గేరులో పెట్టి, పెడల్ నొక్కి ఉంచి, ఇద్దరు వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే చాలాసార్లు "టప్" మని విడుతుంది. విడకపోతే బండిని రెండుగా విడదీయాల్సిందే. అది మెకానిక్ పని.

వేడెక్కిపోతోంది

తీరం దగ్గరి బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపల గార కడుతుంది. కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయండి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి. వేడి మీద మూత తీయొద్దు.

లిఫ్ట్ లేవదు, లేచినా దిగిపోతుంది

లిఫ్ట్ అంటే వెనక పనిముట్లని ఎత్తే హైడ్రాలిక్ భాగం. లేవకపోతే ఆయిల్ మట్టం, దాని ఫిల్టర్ జాలీ చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, మొత్తం మార్చాలి. లేచి మెల్లగా దిగిపోతుంటే సీల్స్ పోయాయి.

వేసిన పెయింటు కొన్ని నెలలకే ఉబ్బింది

పెయింటు కంపెనీని తిట్టుకోకండి. తుప్పు గీకిన ఇనుము మీద కంటికి కనిపించని ఉప్పు పొర ఉంటుంది. దాని మీదే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేస్తే ఉప్పు తేమని లాగి పొరని కింద నుంచి పొక్కు చేస్తుంది. గీకాక మంచినీళ్లతో బాగా కడిగి, ఆరగానే అదే పూట ప్రైమర్ పడాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు తిరిగొస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువు. ఇంటిల్లిపాదీ చేయి వేయాల్సింది ఇక్కడే: ఒకరు వైరు బ్రష్‌తో గీకుతుంటే ఒకరు కడగడం, మూడోవాళ్లు బ్రష్షుతో సిద్ధం. బానెట్ లోపలి వైపు, ఫుట్‌బోర్డు అడుగు కూడా వదలొద్దు, తుప్పు మొదలయ్యేది అక్కడే.